జలదూత మా వీధికి నీళ్లిచ్చిన విధానం

ఇకమీదట తమ శాఖలో ఒక అధికారి మరో అధికారిని ఏ విషయమూ అడగవలసిన అవసరం ఉండదని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించినప్పుడు హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ లేచాను. ఉద్యోగుల కుటుంబాలకు వెనక వరసలో కుర్చీలు వేశారు. ముందువాళ్లు లేచాక మాకు వేదిక కనిపించడం మానేసింది కనుక లేవక తప్పలేదు.

మంత్రిగారి మాటలు పత్రికల్లో సగమే వచ్చాయి, అందుకని పూర్తిగా ఇస్తున్నాను. "అడగడమనేది పాతకాలపు జబ్బు. అడిగినవాడు చిన్నబోతాడు, అడిగించుకున్నవాడు విసుక్కుంటాడు. ఈ రెండు బాధల నుంచీ మా సిబ్బందికి ఈ రోజుతో విముక్తి. ఇక మా దగ్గర ఎవరూ ఎవరినీ అడగరు. యంత్రమే వెళుతుంది, యంత్రమే చూస్తుంది, యంత్రమే రాసుకుంటుంది."

ఆ యంత్రానికి జలదూత అని పేరు పెట్టి, కంప్యూటర్‌కి చుట్టిన ఎర్ర రిబ్బన్ కత్తిరించారు. రిబ్బన్‌తో పాటు మౌసు తీగ కూడా తెగింది. జలదూతకు మౌసుతో పని లేదని దాన్ని తయారుచేసిన మా మేనకోడలు లేచి చెప్పడంతో చప్పట్లు రెట్టింపయ్యాయి.

ఇంత పెద్ద విముక్తి ఎందుకు అవసరమైందో చెప్పాలి. మా ఆయన ఆ శాఖలో ఫిర్యాదుల విభాగానికి సూపరింటెండెంటు. పక్క గది సరఫరా విభాగానిది. మధ్యన ఉన్నది ప్లైవుడ్ గోడ, అదీ పైకప్పు దాకా ఉండదు, జానెడు ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీలోంచి తమ ఫ్యాను గాలి అటు పోతోందని ఇటువాళ్ల అభియోగం. తమ ప్రశాంతత ఇటు పోతోందని అటువాళ్ల జవాబు. ఈ విషయం మీద ఫైలు నడుస్తున్నంత కాలం రెండు గదులూ మాట్లాడుకోకూడదని ఒక మర్యాద ఏర్పడింది. ఫైలు ఇంకా నడుస్తోంది.

ఎవరైనా మా వీధికి నీళ్లు రావడం లేదని ఫిర్యాదు చేస్తే, ఆ వీధికి నీళ్లు వదిలారో లేదో ఇటువాళ్లకు తెలియాలి. అది తెలిసినవాళ్లు అటు గదిలో ఉంటారు. అందుకని ఇటునుంచి ఒక లేఖ డైరెక్టరుగారి దగ్గరికి ఎక్కి, అటు గదిలోకి దిగి, మళ్లీ ఎక్కి, ఇటు దిగేది. ఈలోపు ఫిర్యాదుదారు ఇల్లు మారిపోయేవాడు. స్టూలెక్కి గోడ మీదుగా అడిగేయరాదా అని పెళ్లయిన కొత్తలో నేనొకసారి అన్నాను. మా ఆయన కాఫీ పూర్తిగా తాగకుండానే ఆఫీసుకు వెళ్లిపోయారు.

విచిత్రమేమిటంటే ఆ వివరాలన్నీ సరఫరా విభాగం తన వెబ్‌సైట్‌లో రోజూ పెడుతుంది. ఏ వీధికి సరఫరా ఎలా ఉందో ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు, పక్క గదివాళ్లు తప్ప. ఉద్యోగి కంటితో చూసి రాసుకుంటే దాన్ని అనధికార సమాచారం అంటారు. యంత్రం చూసి రాసుకుంటే డేటా అంటారు.

ఆ యంత్రం తయారుచేసిన మేనకోడలు మా ఆడపడుచు కూతురు. కాంట్రాక్టు ఉద్యోగం, ఉండేది మా ఇంట్లోనే. పైథాన్ అని కంప్యూటర్‌కి పనులు చెప్పే భాష ఒకటి ఉందట, అందులో పేజీన్నర రాసిందంతే. ముందుగదిలో తన లాప్‌టాప్ మీద నాకు నడిపి చూపించింది. బ్రౌజర్ దానంతటది తెరుచుకుంది. పైన అడ్రసు దానంతటది పడింది. వీధుల జాబితా జారింది, ఒక వీధి ఎంపికైంది, "చూపించు" అనే బటన్ నొక్కుకుంది, పట్టికలోంచి ఒక వరసను తీసి దాచుకుంది. ఆ తర్వాత కాసేపు ఊరుకుని రెండో వీధికి వెళ్లింది.

మధ్యలో ఆ ఊరుకోవడం ఏమిటని అడిగాను.

"ఎదుటివాళ్ల సర్వర్ ముసలిది అత్తయ్యా. వెంటవెంటనే అడిగితే దానికి ఆయాసం వస్తుంది. గుక్క తిప్పుకోనివ్వాలి కదా."

ఆ శాఖలో ఎదుటివాళ్ల ఆయాసం గురించి ఆలోచించిన మొదటి ఉద్యోగి జలదూతేనని నాకు అనిపించింది. ఆ మాట మా ఆయన ముందు అనలేదు.

మేనకోడలు అమాయకంగా ఇంకో సౌకర్యం కూడా ఉందని డైరెక్టరుగారికి చెప్పింది. బ్రౌజర్ తెర మీద కనిపించకుండా కూడా ఈ పనంతా లోపల్లోపల చేసేయగలదట, ఇంకా త్వరగా అవుతుందట. డైరెక్టరుగారు ఆందోళన పడి మంత్రిగారి చెవిన వేశారు. పని చేస్తున్నట్టు కనబడకుండా పని చేసే పద్ధతి ప్రభుత్వంలో ఎన్నడూ లేదని, అదొకసారి మొదలైతే తక్కిన సిబ్బందికి చెడ్డపేరు వస్తుందని మంత్రిగారు సెలవిచ్చారు. అందుచేత జలదూతకు సందర్శకుల హాల్లో గోడంత స్క్రీను పెట్టించారు. దాని ముందు ఒక తిరిగే కుర్చీ వేసి, ఖాళీగా ఉంచి, అందులో ఎవరూ కూర్చోకుండా ఒక అటెండరును నిలబెట్టారు. బడిపిల్లలను వరసల్లో తీసుకొచ్చి చూపించేవారు. ఎవరూ ముట్టుకోకుండా పేజీలు మారుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. పెద్దలు ఖాళీ కుర్చీకేసి చూసి తలలూపేవారు.

ఇది చూసి పక్క గదికి నిద్ర పట్టలేదు. తమకూ ఒక యంత్రం కావాలని డైరెక్టరుగారికి రాసుకున్నారు. రెండు విభాగాలనూ సమానంగా చూడటం మంత్రిగారి నైజం కనుక వెంటనే మంజూరైంది. దాని పేరు జలసఖి. అదీ మా మేనకోడలే రాయాలి. పొద్దున ఇటు గదిలో పని, మధ్యాహ్నం అటు గదిలో పని. ఇటు తెలిసింది అటు, అటు తెలిసింది ఇటు చెప్పనని రెండుచోట్లా సంతకం తీసుకున్నారు.

జలదూతకు ఇచ్చిన ఆజ్ఞ సులువైనది. సరఫరావాళ్ల పేజీలో ఒక వీధి పక్కన "సరఫరా సాధారణం" అని ఉంటే, ఆ వీధి నుంచి వచ్చిన ఫిర్యాదులన్నీ తీరిపోయినట్టే. వాటిని మూసేసి, ఫిర్యాదుదారు ఫోనుకు మంత్రిగారి నవ్వుతున్న ఫోటోతో "మీ సమస్య పరిష్కరించబడింది, ధన్యవాదాలు" అని పంపాలి. జలసఖికి ఇచ్చిన ఆజ్ఞ అంతకన్నా సులువు. ఫిర్యాదులవాళ్ల పేజీకి వెళ్లి చూడాలి. ఏ వీధి నుంచి ఫిర్యాదు మిగిలి లేదో, ఆ వీధి పక్కన "సరఫరా సాధారణం" అని రాయాలి.

జలదూతకు పొద్దుటి డ్యూటీ, జలసఖికి మధ్యాహ్నం డ్యూటీ.

నీళ్లు వదిలే ఆయన సైకిలు మీద తిరుగుతూ వాల్వులు తిప్పుతాడు. పూర్వం తన లెక్క ప్రకారం తిప్పేవాడు, మాకు రోజూ పొద్దున్నే నీళ్లు వచ్చేవి. ఇప్పుడు ఆయనకు ఫోను ఇచ్చారు. సరఫరా సాధారణంగా ఉన్న వీధికి మళ్లీ నీళ్లు వదలడం వృథా కనుక, సాధారణంగా లేని వీధుల జాబితా మాత్రమే అందులో కనిపిస్తుంది. ఊళ్లో చాలా వీధులు ఆ జాబితాలో భద్రంగా ఉన్నాయి. వాటి పేర్న ఏనాటివో కాగితం ఫిర్యాదులు ఉన్నాయి, ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, దొరకని ఫైలును మూసేయడం జలదూతకు కూడా చేతకాదు. ఆ వీధులకు నీళ్లు ధారాళంగా వస్తున్నాయి.

మా వీధి పేర్న పాత ఫిర్యాదు ఒక్కటీ లేదు. ఫిర్యాదుల సూపరింటెండెంటు కాపురమున్న వీధి నుంచి ఫిర్యాదు వెళితే ఆయనకేం మర్యాదని ఇరుగుపొరుగువాళ్లు ఇన్నేళ్లూ మొహమాటపడ్డారు. అంచేత మొదటిరోజునే మా వీధి సాధారణమైపోయింది. మర్నాటి నుంచి కుళాయి ఎండిపోయింది.

అందరిలోకీ ఎక్కువ దెబ్బ తగిలింది ఎదురింటి లాండ్రీ అక్కయ్యకు. బస్టాండు దగ్గర లాడ్జికి దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికి ఇస్తుంది. ఆ ఒక్క లాడ్జి మీదే ఆ ఇల్లు నడుస్తుంది. మేమంటే పక్క వీధి నుంచి బిందెలతో తెచ్చుకుని సర్దుకున్నాం, మా ఆయన ఒక చెంబుతో స్నానం చేసే విద్య నేర్చుకున్నారు. దుప్పట్లకు ఆ విద్య రాదు.

ఆవిడ మొహమాటం ఓ పక్కన పెట్టి రోజూ పొద్దున లేవగానే ఫోనులో ఫిర్యాదు పెట్టేది. పళ్లు తోముకునేలోపు జవాబు వచ్చేది. గేటు దగ్గర నిలబడి నాకు ఫోను చూపించేది.

"ఇదిగో చెల్లెమ్మా, మీ మంత్రిగారు మళ్లీ నవ్వారు. పొద్దున్నే ఇంత నవ్వు మొహం మా ఆయన కూడా నాకు చూపించలేదు."

ఏమైనా చెయ్యి తల్లీ, లాడ్జి మేనేజరు గొణుగుతున్నాడు అని కూడా అంది. నేను మేనకోడలిని అడిగాను. ఆ పిల్ల అప్పటికే చూసేసింది, పొద్దున తను రాసిన యంత్రం మధ్యాహ్నం తను రాసినదాన్ని చూసి, మధ్యాహ్నం రాసింది పొద్దున రాసినదాన్ని చూసి, రెండూ హాయిగా ఉన్నాయని. మావయ్యకు చెబుదామా అంటే సంతకం పెట్టాను కదా అని భయపడింది. నేను సంతకం పెట్టలేదు కనుక భోజనాల దగ్గర నేనే చెప్పాను. నీళ్లు లేకపోవడం వల్ల ఫిర్యాదు, ఫిర్యాదు తీరింది కనుక నీళ్లున్నట్టు, నీళ్లున్నాయి కనుక ఫిర్యాదు తీరినట్టు, ఇలా తిరుగుతోందండీ అన్నాను.

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకునే ఆలోచించారు. "నువ్వు చెప్పిందాంట్లో ఫిర్యాదు తీరిన భాగం మా విభాగానిది. అందులో తప్పేమన్నా ఉందా?"

"లేదండి."

"నీళ్లున్నట్టు రాసింది పక్క గది. అది నేనెలా అడుగుతాను?"

అయినా మనిషి మంచివారు, ఊరుకోలేక డైరెక్టరుగారికి ఒక నోటు పెట్టారు. డైరెక్టరుగారు రెండు విభాగాల అభిప్రాయమూ కోరారు. అవతలి విభాగం సంగతి తమకు తెలియదని ఇద్దరూ రాశారు. ఇద్దరి అభిప్రాయమూ ఒకటే అయినందుకు సంతోషించి డైరెక్టరుగారు నోటును ఫిర్యాదుగా నమోదు చేయించారు. పళ్లు తోముకునేలోపు మా ఆయన ఫోనులో మంత్రిగారు నవ్వారు.

ఆ వారంలోనే ఆఫీసుకు సామర్థ్య పరిశీలనాధికారి వచ్చారు. చేతిలో ఆటల పోటీల్లో వాడే గడియారం ఉంటుంది, దాన్ని నొక్కుతూ ఉద్యోగులు ఎంతసేపు పని చేస్తున్నారో చూస్తారు. మనుషులను చూసి చూసి విసిగి, ఆయన జలదూత ముందు కూర్చున్నారు. ఒక్క పూటలోనే ఘోరం బయటపడింది. ప్రతి పేజీ తర్వాత యంత్రం ఏమీ చెయ్యకుండా ఊరుకుంటోంది.

మా మేనకోడలు ఎదుటి సర్వర్ వయసు గురించి, ఆయాసం గురించి చెప్పింది. ఎదుటివాళ్ల ఊపిరి మన విభాగం బాధ్యత కాదని ఆయన అన్నారు. జలదూత పేర ఒక మెమో తయారై, ఖాళీ కుర్చీకి టేపుతో అంటించారు. విధి నిర్వహణలో పదేపదే విరామం తీసుకోవడానికి కారణం తెలపాలని అందులో ఉంది. గడువులోగా జలదూత జవాబివ్వలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకుని, ఆ విరామాలన్నీ తీసేయమని మేనకోడలికి లిఖితపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చారు. తీసేసింది.

గోడంత స్క్రీను మీద పేజీలు జలజలా రాలాయి. హాల్లో ఉన్న బడిపిల్లలు ఈలలు వేశారు. సామర్థ్య పరిశీలనాధికారి గడియారం నొక్కడానికి కూడా వీలు చిక్కలేదు. ఆ సంబరంలో ఉండగానే స్క్రీను తెల్లబడి, పేజీ దొరకడం లేదని ఒక్క ముక్క మిగిలింది. ప్లైవుడ్ గోడ మీది ఖాళీలోంచి కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో ఎవరినో తిడుతున్న చప్పుడు వినిపించాయట. తమ వెబ్‌సైట్ మీద గుర్తుతెలియని శత్రువు దాడి చేశాడని అటు గది డైరెక్టరుగారికి లేఖ రాసింది. తమ యంత్రం చూడబోతుండగా ఎదుటివాళ్లు కావాలనే తలుపు మూసుకున్నారని ఇటు గది రాసింది. శత్రువు ఎవరో కనిపెట్టడానికి వేసిన కమిటీలో మా ఆయన కూడా సభ్యులు.

మర్నాడు పొద్దున నీళ్లు వదిలే ఆయన ఫోను తెరిస్తే తెల్లటి పేజీ వచ్చింది. ఏం చెయ్యాలని సరఫరా విభాగానికి వెళ్లి అడిగితే, మేము దాడిలో ఉన్నాం, తర్వాత రమ్మన్నారట. ఆయనకు ఏమీ తోచక పూర్వంలాగే సైకిలెక్కి, దారిలో తగిలిన వాల్వులన్నీ తిప్పుకుంటూ పోయాడు.

మా కుళాయి ముందు దగ్గింది. తర్వాత తుప్పురంగు కక్కింది. ఆ తర్వాత నీళ్లు.

వీధంతా గిన్నెలతో సహా బయటికొచ్చింది. లాండ్రీ అక్కయ్య అయితే మాట్లాడటం కూడా మానేసి ఉతికింది. మా మేడ మీద తాడు, పక్కవాళ్ల గోడ, ఆగి ఉన్న ఆటో, ఎక్కడ చూసినా లాడ్జి దుప్పట్లే. సాయంత్రానికి మూటలు కట్టి పంపించేసి, మా అరుగు మీద కూలబడి, లాడ్జివాడు ఇంకా తన దగ్గరే ఉన్నాడని చెప్పింది.

మా ఆయన ఇంటికొచ్చి నిండిన తొట్టి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇవి అధికారికంగా వచ్చినవేనా?"

"తెలియదండీ. తడిగా అయితే ఉన్నాయి" అన్నాను.

ఆయన చాలాసేపు స్నానం చేశారు. లోపలి నుంచి కూనిరాగం కూడా వినిపించింది.

కాని ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోదు కదా. మంత్రిగారు స్వయంగా పూనుకుని, కొద్దిరోజుల్లోనే వెబ్‌సైట్‌ను లేపి నిలబెట్టించారు. ఆజ్ఞ ప్రకారం విరామాలు తీసేసినందుకు మా మేనకోడలికి మెమో ఇచ్చి, వాటిని రెట్టింపు చేసి మళ్లీ పెట్టించారు. పరిస్థితి సాధారణమైంది. మా కుళాయి ఎండిపోయింది.

ఈసారి లాడ్జి మేనేజరు గొణగలేదు, గట్టిగానే చెప్పాడు. శనివారం సాయంత్రానికి తువ్వాళ్లు రాకపోతే వేరే లాండ్రీ చూసుకుంటానన్నాడు. అక్కయ్య ముందుగదిలో మాసిన మూటలు కిటికీ దాకా లేచాయి. ఆవిడ ఫిర్యాదులు పెంచింది. పొద్దున లేవగానే ఒకటి, కాఫీ తర్వాత ఒకటి, మధ్యాహ్నంలోపు కోపం వచ్చినప్పుడల్లా ఒకటి. మంత్రిగారు అన్నిసార్లూ నవ్వారు.

దీని ఫలితం మేమెవరం ఊహించలేదు. పరిష్కారమైన సమస్యలు ఏ వీధిలో ఎక్కువున్నాయో లెక్క తీస్తే, ఊరు మొత్తం మీద మా వీధి మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో ఉన్న వీధి మా దరిదాపుల్లో లేదు. ఆదర్శ వీధి పురస్కారం ఇవ్వడానికి మంత్రిగారే వస్తున్నారని కబురొచ్చింది. శనివారం పొద్దున.

శుక్రవారం మనుషులొచ్చి వీధి కుళాయికి నీలిరంగు వేశారు. వేదిక సరిగ్గా లాండ్రీ ముందు కట్టారు, అక్కడైతేనే నీడ ఉంటుందని. అక్కయ్య మంచి చీర ఇస్త్రీ చేసుకుంది, నీళ్లు చిలకరించకుండానే. మంత్రిగారిని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతానని నాతో చెప్పి, అద్దం ముందు రెండుసార్లు అప్పజెప్పుకుంది కూడా.

శనివారం మంత్రిగారి పి.ఎ. ముందుగా వచ్చి మమ్మల్నందరినీ పరికించారు. తృప్తిగా ఉన్నవాళ్లను ముందుకు, తక్కినవాళ్లను పందిరి స్తంభాల వెనక్కు సర్దారు. అక్కయ్య తను ఒక మాట అడగాలంది. ఆయన ఎంతో మృదువుగా, ఈ శాఖలో అడగడం రద్దయిందమ్మా, పేపర్లో చూడలేదా అన్నారు. అయినా ఫిర్యాదుల పట్టికలో ఆవిడ నంబరే అన్నిటికన్నా పైన ఉండటం వల్ల, అత్యధికంగా తృప్తి చెందిన పౌరురాలిగా వేదిక మీద కుర్చీ ఆవిడకే దక్కింది.

మంత్రిగారు వచ్చారు, మాట్లాడారు, కుళాయి తిప్పారు. లోపలి నుంచి గాలి చప్పుడు వచ్చింది. మా ఆయన తల దించుకున్నారు. డైరెక్టరుగారు ఆకాశంలోకి చూశారు. ఆ క్షణంలో మంత్రిగారు చూపిన సమయస్ఫూర్తి నేను బతికున్నంత కాలం మరిచిపోను.

"మంచిదే అయింది. మా జలదూత ఎలా పనిచేస్తుందో మీ కళ్లతో మీరే చూడండి."

పి.ఎ. గారి ఫోను తీసుకుని, మా వీధికి నీళ్లు రావడం లేదని ఆయనే స్వయంగా ఫిర్యాదు చేశారు. తలెత్తేలోపు ఫోను మోగింది. తెర మీద ఆయనే ఆయనను చూసి నవ్వుతున్నారు. సమస్య పరిష్కరించబడింది. ఫోనును అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు. చప్పట్లు.

సమస్య తీరిన తర్వాత కుళాయి ముందు ఊరికే నిలబడితే సొంత శాఖను అవమానించినట్టు అవుతుంది. మంత్రిగారు చొక్కా చేతులు పైకి మడిచి, కుళాయి కింద దోసిలి పట్టి, రెండు చేతులూ బాగా రుద్దుకున్నారు. మొహం కడుక్కున్నారు. మెడ వెనకా రాసుకున్నారు. చివర్లో చేతులు ఒకసారి దులిపితే, ముందు వరసలోవాళ్లు తడుస్తామేమోనని పక్కకు జరిగారు.

అలా కళ్లు మూసుకుని చెయ్యి చాపి నిలబడ్డారు, తువ్వాలు కోసం. పి.ఎ. గారు కంగారుగా అటూ ఇటూ చూశారు. అక్కయ్య కుర్చీలోంచి లేచి, లోపలికి వెళ్లి, కిటికీ దాకా ఉన్న మూటల్లో పైదాంట్లోంచి ఒక తువ్వాలు లాగి తెచ్చింది. పి.ఎ. గారు దాన్ని మధ్యలోనే అందుకుని కొంచెం దూరంగా పట్టుకున్నారు.

"ఉతికిందేనా ఇది?"

అక్కయ్య ఫోను తీసి చూపించింది. "నీళ్లొచ్చాయని మీరే రాశారు కదండీ, ఈ పొద్దున కూడా. నీళ్లొచ్చాక ఉతక్కుండా ఉంటానా?"

పి.ఎ. గారు ఫోనులో ఫోటో చూశారు, ఎదురుగా చెయ్యి చాపి నిలబడ్డ మనిషిని చూశారు, రెండూ ఒకటే. తువ్వాలు అందించారు. మంత్రిగారు మొహం, మెడ, చెవుల వెనక నిదానంగా తుడుచుకుని, దాన్ని భుజం మీద వేసుకుని, ఇలాంటి పనితనం ఈ వీధికే పరిమితం కాకూడదన్నారు. ప్రభుత్వ అతిథి గృహాలన్నిటి దుప్పట్లూ, తువ్వాళ్లూ ఇకమీదట ఈ తల్లికే అప్పగిస్తున్నామని ప్రకటించారు. వీధి మొత్తం లేచి నిలబడింది. అక్కయ్య మాత్రం కదలలేదు. లాడ్జివాడు పోయినా ఇల్లు నిలబడుతుందా అన్న లెక్క ఆవిడ కళ్లలో నాకు కనిపిస్తూనే ఉంది.

"బట్టలు సోమవారం పంపిస్తాం. ఎప్పటికి ఇవ్వగలవమ్మా?" అని మంత్రిగారు ఆప్యాయంగా అడిగారు.

అక్కయ్య కుళాయి వైపు ఒకసారి చూసింది.

"పంపించడం కూడా ఎందుకండీ శ్రమ. ఉతికేశాను, రాసేసుకోండి."

పక్కన నిలబడి మా ఆయన రాసుకున్నారు.